ఎస్తేరమ్మ నిలబడింది

కలపాల ఎస్తేరమ్మ ఎన్నికల్లో నిలబడక ముందు పంతొమ్మిదేళ్ళు చీరల షాపులో నిలబడింది.

సింగరాజుపేట మెయిన్ రోడ్డులో అయిదంతస్తుల షాపు అది. ఆమెది మూడో అంతస్తు, పట్టుచీరల సెక్షను. షాపు మొత్తంలో అమ్మే ఆడవాళ్ళు అరవై ఒక్కమంది. వాళ్ళు కూర్చోడానికి ఒక్క స్టూలు లేదు. కొనేవాళ్ళు లేనప్పుడు కూడా కూర్చోకూడదని యజమాని కందుల వెంకటనారాయణ గారి నియమం. కూర్చున్న సేల్స్‌గర్ల్‌ని చూస్తే షాపులో బేరాల్లేవని జనం అనుకుంటారని ఆయన సిద్ధాంతం.

లలితకుమారి అనే అమ్మాయి ఏడో నెల కడుపుతో ఉండి, ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి చీరల మూట మీద కూర్చుంది. రెండు నిమిషాలు కూర్చుంది. కెమెరాలో చూసి సూపర్‌వైజరు పైకి వచ్చాడు. మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు.

ఎస్తేరమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారి ఓపికగా అంతా విన్నాడు. చట్టంలో నిలబడమని ఎక్కడా లేదన్నాడు. కూర్చోమని కూడా స్పష్టంగా లేదన్నాడు. లేని రెండింటి మధ్య శాఖ జోక్యం చేసుకోలేదన్నాడు. "చట్టం మార్చాలంటే శాసనసభ ఉంది గదమ్మా" అని గుమ్మం వైపు చూశాడు.

ఆయన మాటవరసకి అన్నాడు. దారి అడిగితే దారి చెప్పాడనుకుంది ఎస్తేరమ్మ. ఆరు నెలల తర్వాత ఎన్నికలు వచ్చినప్పుడు షాపు ఉద్యోగుల సంఘం తరఫున నామినేషన్ వేసింది. నామినేషన్ వేసిన సాయంత్రమే ఆమె ఉద్యోగం పోయింది. అధికార పార్టీ టిక్కెట్టు మీద పోటీ చేస్తున్నది కందుల వెంకటనారాయణ గారే.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ నియోజకవర్గానికి రిటర్నింగ్ అధికారి అయిన వెంపరాల శశిభూషణ్ గారి ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. ఇక్కడ చెప్పబోయే ఉత్తర్వులన్నీ నేను రాసినవే. ఒక్కదానికీ సిగ్గుపడలేదు. మా ఆఫీసులో సిగ్గుకు ఫైలు లేదు.

శశిభూషణ్ గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన లంచం తీసుకోడు. ఆలస్యంగా రాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో రూలు చదవకుండా సంతకం పెట్టలేదు. లంచగొండి అధికారి దగ్గర పని ఏదో ఒక దారిన అవుతుంది. నిజాయితీపరుడైన మూర్ఖుడి దగ్గర దేనికీ దారి ఉండదు.

ఎస్తేరమ్మ మేనిఫెస్టో ఒక్క కాగితం. పనిచేసే ప్రతి మనిషికీ కూర్చునే హక్కు. ఎనిమిది గంటల పని, మించితే రెట్టింపు కూలి. ప్రతి షాపులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, తాళంచెవి మేనేజరు దగ్గర కాకుండా. కడుపుతో ఉన్నవాళ్ళను పనిలోంచి తీసెయ్యకుండా చట్టం. కార్మిక శాఖ అధికారులు ముందుగా ఫోను చెయ్యకుండా తనిఖీకి రావడం. ఆఖరిది చదివి మా ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. ఫోను చెయ్యకుండా వెళితే కాఫీ ఎవరు తెప్పిస్తారు?

గుర్తుల కేటాయింపు రోజున ఆమె కత్తెర అడిగింది. చీటీ తీస్తే అది ఒక రిటైర్డ్ మాస్టారికి పోయింది. మిగిలిన వాటిలో పనసపండు, ఈల, కుర్చీ ఉన్నాయి. ఆమె కుర్చీ బొమ్మను కాసేపు చూసి, "అదియ్యండి సార్" అంది. శశిభూషణ్ గారు జాబితాలో ఉందో లేదో చూసుకుని ఇచ్చేశారు.

నాలుగో రోజున వెంకటనారాయణ గారి వకీలు ఫిర్యాదు పట్టుకొచ్చాడు. 'సదరు అభ్యర్థిని యొక్క ఎన్నికల గుర్తు కుర్చీ అగుటయు, ప్రభుత్వ కార్యాలయములన్నింటి యందును కుర్చీలు బహిరంగముగా ప్రదర్శింపబడుచుండుటయు, వానిపై అధికారులు ఆసీనులై సదరు గుర్తునకు ప్రచారము కల్పించుచుండుటయు ఎన్నికల నియమావళికి విరుద్ధము' అని మూడు పేజీలు. కోరిందల్లా ఆమె గుర్తు రద్దు చెయ్యమని.

కేటాయించిన గుర్తు రద్దు చేసే అధికారం రిటర్నింగ్ అధికారికి లేదు. అందుకని రాజధానికి రాశాం. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. 'నిబంధనల మేరకు తగు చర్య గైకొనవలెను.' అంతే. శశిభూషణ్ గారు ఆ వాక్యం ముందు పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నారు. ఎన్నికలు అయ్యేలోగా ఆయన ఆ కుర్చీలో కూర్చున్న ఆఖరి పూట అదే. గుర్తు తియ్యడానికి వీల్లేదు. గుర్తు కనబడడానికీ వీల్లేదు. కాబట్టి కుర్చీలు కనబడకూడదు.

మొదటి ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వ కార్యాలయాల్లో కుర్చీలన్నిటికీ గుడ్డలు కప్పాం. కప్పిన కుర్చీ ముసుగేసిన పెళ్ళికూతురిలా ఉంటుంది. ఆఫీసుకు వచ్చిన ప్రతివాడూ అది ఏమిటని అడిగేవాడు. అంతకుముందు కుర్చీని ఎవడూ పట్టించుకోలేదు. వకీలు మళ్ళీ వచ్చి ప్రచారం పెరిగిందన్నాడు. రెండో ఉత్తర్వులో కుర్చీలన్నీ తీయించి మార్కెట్ యార్డు గోదాములో పెట్టి సీలు వేశాం. ఆఫీసుల సిబ్బందిమి అందరం నిలబడ్డాం.

నిలబడి పనిచెయ్యడం మొదటి గంట బాగానే ఉంటుంది. రెండో గంటలో మడమలు మాట్లాడతాయి. మూడో గంటలో ఫైలు మీద అక్షరాలు కదులుతాయి. నాలుగో గంటలో ఎవరి మీదైనా కేసు రాయాలనిపిస్తుంది. మా తాలూకా ఆఫీసులో ఆ వారం అయిదుగురి రేషను కార్డులు కారణం లేకుండా తిరస్కరించాం.

అటెండర్ సింహాద్రి మాత్రం గుమ్మం పక్కన తన స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. స్టూలుకు వీపు లేదు గనక అది కుర్చీ కాదు. డివిజను మొత్తానికి హాయిగా కూర్చున్న ఉద్యోగి అతనొక్కడే. తహసీల్దారు గారు లోపలికి వస్తూ అతన్ని చూశారు, బయటికి వెళుతూ చూశారు. సాయంత్రానికి రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. మూడో ఉత్తర్వు వచ్చింది. 'గోడకు ఆనించబడిన స్టూలునకు గోడయే వీపుగా పరిగణింపబడును గాన, సదరు స్టూలు కుర్చీ యగును.' సింహాద్రి స్టూలును గోడకు బారెడు దూరం జరిపి కూర్చున్నాడు. దాని మీద నాలుగో ఉత్తర్వు రాయాల్సి వచ్చింది.

నియమావళి ప్రభుత్వ ఆఫీసులకే కాదు, జనం గుమిగూడే చోట్లన్నిటికీ వర్తిస్తుందని శశిభూషణ్ గారు రూలు చూపించారు. ఫ్లయింగ్ స్క్వాడ్లు బయల్దేరాయి. బస్టాండులో కుర్చీలు బోల్టులు విప్పి తెచ్చారు. టీ హోటళ్ళ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు లారీల్లో వచ్చాయి. మంగలి షాపుల్లో మనుషుల్ని నిలబెట్టి గడ్డాలు గీశారు, ఊళ్ళో సగంమంది బుగ్గల మీద గాట్లతో తిరిగారు. పళ్ళ డాక్టరు తన కుర్చీ వెనక్కి వాలుతుంది గనక మంచం కింద లెక్క అని వాదించాడు. మేం కమిటీ వేశాం. కమిటీ కూర్చోడానికి వీల్లేక ఇంతవరకూ సమావేశం కాలేదు.

ఆఖరికి స్క్వాడు చీరల షాపుకు వెళ్ళింది. అక్కడ కొనేవాళ్ళ కోసం వేసిన కుర్చీలు నలభై ఎనిమిది, అన్నీ మెత్త కుర్చీలు. అన్నీ ఎత్తుకొచ్చారు.

అది పెళ్ళిళ్ళ కాలం. పెళ్ళివారు పట్టుచీరలు ఎంచడానికి ఒక పూట పడుతుంది. ఇప్పుడు అందరూ నిలబడి ఎంచాలి. అత్తగార్లు పావుగంట నిలబడి, మోకాళ్ళు పట్టుకుని పక్క ఊరి షాపుకు వెళ్ళిపోయారు. పదో రోజున వెంకటనారాయణ గారే మా ఆఫీసుకు వచ్చారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నారు.

శశిభూషణ్ గారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. అప్పటికి ఆయన పాదాలు వాచి, బూట్లు మానేసి హవాయి చెప్పులు వేసుకొస్తున్నారు.

"ఫిర్యాదుదారు ఉపసంహరించుకున్నంత మాత్రాన ఉల్లంఘన ఉపసంహరించుకోదండీ" అన్నారు.

"ఎవరికి నష్టమండీ మా కుర్చీల వల్ల? నేను ఆమె ప్రత్యర్థిని. నాకే అభ్యంతరం లేదు."

"మీ షాపులో ఆవిడ గుర్తు నలభై ఎనిమిది చోట్ల ప్రదర్శించారు. మీరు ఆవిడకి ప్రచారం చేస్తున్నట్టు రికార్డయింది. కావాలంటే ఆ ఖర్చు ఆవిడ లెక్కలో రాయిస్తాను."

వెంకటనారాయణ గారు కూర్చోబోయి, ఏమీ లేక, నిలబడే వెళ్ళిపోయారు.

ఎస్తేరమ్మ ఈ గొడవలేవీ పట్టించుకోకుండా ఇల్లిల్లూ తిరుగుతోంది. కరపత్రం అచ్చు వెయ్యాలంటే ముందు ప్రచార పరిశీలన కమిటీ ఆమోదించాలి. తన ఒంటికాగితం మేనిఫెస్టోను కమిటీకి ఇచ్చింది. 'కూర్చునే హక్కు' అన్న మాట దగ్గరే కమిటీ ఆగిపోయింది. అది తన గుర్తును ఓటరుకు పదేపదే వినిపించే ఎత్తుగడ అని అనుమానం. డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరర్‌ను అభిప్రాయం అడిగాం. కుర్చీ పరాయి భాష నుంచి వచ్చిన మాటనీ, కూర్చోవడం అచ్చతెలుగనీ, రెంటికీ చుట్టరికం లేదనీ ఆయన రాసిచ్చాడు. కమిటీ దాని కింద, 'వ్యుత్పత్తిపరముగా సంబంధము లేకున్నను వినికిడిపరముగా కలదు' అని రాసి, ఆమెను విచారణకు పిలిచింది.

విచారణ పదకొండు గంటలకు మొదలైంది. శశిభూషణ్ గారు, కార్మిక శాఖ అధికారి, వకీలు, నేను ఒకవైపు నిలబడ్డాం. ఎదురుగా ఎస్తేరమ్మ నిలబడింది. నూలుచీర, భుజాన గుడ్డసంచీ, కాళ్ళకు అరిగిన చెప్పులు.

మొదటి అంశాన్ని 'నిలబడకుండా ఉండే హక్కు' అని మార్చుకోమన్నారు. ఆమె సరేనంది. ఎనిమిది గంటల పని ఇప్పటికే చట్టంలో ఉంది గనక, ఉన్నదాన్ని తెస్తానంటే అది అమలు కావడం లేదని ఓటరు అపోహ పడతాడని, ప్రభుత్వ ప్రతిష్ఠకు భంగమని కొట్టేశారు. అమలవుతోందా అని ఆమె కార్మిక శాఖ అధికారిని అడిగింది. రికార్డుల్లో అవుతోందన్నాడాయన. మరుగుదొడ్డి అన్న మాట శిష్టవ్యవహారం కాదని వకీలు అభ్యంతరం చెప్పాడు. దాని మీద ముప్పావుగంట వాదన జరిగింది. గర్భిణుల అంశం చట్టంలో ఉన్నా ఇంత చిన్న షాపులకు వర్తిస్తుందో లేదో స్పష్టత కోసం పైకి రాయాలన్నారు. అరవైమంది పనిచేసే షాపు ఎప్పుడు చిన్నదయిందో ఆమె అడగలేదు.

ఒంటిగంట దాటేసరికి వకీలు బల్లకు చేరబడ్డాడు. కార్మిక శాఖ అధికారి ఒంటికాలి మీద కొంగలా నిలబడి, కాలు మార్చుకుంటూ ఉన్నాడు. శశిభూషణ్ గారి ముఖం సున్నం కొట్టినట్టయింది. అయిదో అంశం చదువుతూ చదువుతూ ముందుకు తూలారు. నేను అందుకునేలోపే ఎస్తేరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"రెండు కాళ్ళ మీదా ఒక్కసారే బరువెయ్యమాకండి సార్" అంది. "ఒక కాలు కొంచెం ముందుకు పెట్టండి. మోకాలు బిగబట్టొద్దు. గంటకోసారి మడమలు ఎత్తి దించండి. సాయంత్రం ఇంటికెళ్ళి గోడకి కాళ్ళు పైకెత్తి పడుకోండి. నరాలు ఉబ్బినయ్యంటే మాత్రం ఇంక పోవు."

ఆయన ఆమె చెప్పినట్టు కాలు ముందుకు పెట్టారు. "మీకు నొప్పి లెయ్యదా?" అని అడిగారు.

"లేస్తది సార్. పంతొమ్మిదేళ్ళ నుంచి లేస్తానే ఉంది. ఎవరూ అడగలా."

ఆ మాట విని ఆయనకు జాలి కలిగిందనుకుంటే పొరబాటు. తన కాళ్ళ మీద కలిగింది. ఆ సాయంత్రమే ప్రభుత్వాసుపత్రి నుంచి ముగ్గురు డాక్టర్ల బోర్డును పిలిపించి, మా అందరి కాళ్ళూ పరీక్ష చేయించారు. బోర్డు రెండు రోజుల్లో నివేదిక ఇచ్చింది. మనిషిని రోజుకు నాలుగు గంటలకు మించి నిలబెట్టి పని చేయించడం వల్ల రక్తనాళాలు ఉబ్బుతాయనీ, నడుము దెబ్బతింటుందనీ, గర్భిణులకు ప్రమాదమనీ, అది మానవ గౌరవానికి భంగకరమనీ ముగ్గురూ సంతకాలు చేశారు. పదిహేను రోజులు నిలబడిన అధికారుల కాళ్ళ ఫొటోలు జతచేశారు. దాన్ని పెట్టి, జంపఖానాల మీద కూర్చోడానికి అనుమతి కోరుతూ రాజధానికి రాశాం.

గుర్తుకు సంబంధించిన ప్రతి ఉత్తరప్రత్యుత్తరం నకలు ఆ గుర్తు గల అభ్యర్థికి అందజెయ్యాలని రూలు ఉంది. శశిభూషణ్ గారు రూలు తప్పే మనిషి కాదు. నకలు ఎస్తేరమ్మకు పంపించి, ముట్టినట్టు సంతకం తీసుకురమ్మన్నారు. నేనే వెళ్ళాను. ఆమె వాకిట్లో నిలబడి మొత్తం చదివింది. ఫొటోలు చూసింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇది అచ్చేసుకోడానికి కమిటీ పర్మిషను కావాలా సార్?" అని అడిగింది.

ప్రభుత్వ పత్రానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదని చెప్పాను. అది రూలే. అయినా ఉద్యోగ జీవితంలో నేను ఎవరికైనా పనికొచ్చే మాట చెప్పింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

మూడో రోజుకు ఆ నివేదిక ప్రతి ఇంట్లో ఉంది. ఆమె ఒక్క అక్షరం చేర్చలేదు, ఒక్క అక్షరం తియ్యలేదు. బట్టల షాపుల ఆడవాళ్ళు, హోటలు సర్వర్లు, పెట్రోలు బంకు వాళ్ళు, సెక్యూరిటీ గార్డులు దాన్ని జేబుల్లో పెట్టుకుని తిరిగారు. వెంకటనారాయణ గారు రాజధానికి ఫోను చేశారు. రాజధాని నుంచి వివరణ వచ్చింది. దాన్ని తెలుగులోకి నేనే దించాను. 'సదరు వైద్య నివేదిక గెజిటెడ్ అధికారుల కాళ్ళకు మాత్రమే వర్తించును. ఇతరుల కాళ్ళ విషయమై ప్రభుత్వము ఎట్టి అభిప్రాయమును వ్యక్తపరచియుండలేదు.' నాకు వర్తించదని డ్రాఫ్టు చేస్తున్నప్పుడు గమనించాను. ఫెయిర్ కాపీ తీసి సంతకానికి పెట్టాను.

ఎన్నికలు అయ్యాయి. వెంకటనారాయణ గారు గెలిచారు. ఎస్తేరమ్మకు పంతొమ్మిది వేల పైచిలుకు ఓట్లు వచ్చి మూడో స్థానంలో నిలిచింది. నియమావళి ముగిసింది గనక ఆ మర్నాడే గోదాము సీలు విప్పి, కుర్చీలు లారీలో మా ఆఫీసుకు తెచ్చారు. దించుతుండగా ఎస్తేరమ్మ వచ్చింది. వెనక చీరల షాపు ఆడవాళ్ళు వచ్చారు, ఆ వేళ వాళ్ళకు వారపు సెలవు. చంకన నెలల పిల్లతో లలితకుమారి కూడా ఉంది. దింపిన కుర్చీ దింపినట్టే ఒక్కొక్కళ్ళు ఒక్కొక్కదాంట్లో కూర్చున్నారు. మేం చుట్టూ నిలబడ్డాం.

శశిభూషణ్ గారు పనేమిటని అడిగారు. డాక్టర్ల నివేదిక అందరి కాళ్ళకూ వర్తిస్తుందని ఒక్క ముక్క రాసివ్వమంది ఎస్తేరమ్మ. ఆ అధికారం తనకు లేదన్నారు. వెయిట్ చేస్తామంది. ఆఫీసు కుర్చీలో కూర్చోవడం నేరమయ్యే రూలు కోసం ఆయన రెండు గంటలు వెతికారు. నిన్నటిదాకా ఉంది. ఇవాళ లేదు.

మధ్యాహ్నానికి ఆయన పాదాలు మళ్ళీ వాచాయి. వివరణలో 'ఇతరుల కాళ్ళ విషయమై అభిప్రాయము లేదు' అని ఉంది గనక, అభిప్రాయం లేని చోట మొదటి నివేదికే చెల్లుతుందని ఆయనే దారి వెతుక్కున్నారు. అలాగే ఎండార్స్‌మెంటు చెప్పారు. నేను రాశాను. ఆయన నిలబడి సంతకం పెట్టారు. ఆమె కాగితం సంచీలో పెట్టుకుని, లేచి, తన కుర్చీ ఆయన వైపు తిప్పి పెట్టి వెళ్ళింది.

ఆ కాగితంతో ఆమె కార్మిక శాఖ చుట్టూ రెండు నెలలు తిరిగింది. ఆఖరికి ఊళ్ళో షాపులన్నిటికీ నోటీసులు వెళ్ళాయి. ఎమ్మెల్యే వెంకటనారాయణ గారు తన షాపులోనే మొట్టమొదట అమలు చేస్తానని ప్రకటించి, ముప్పై స్టూళ్ళు కొని, మూడో అంతస్తులో ప్రారంభోత్సవం పెట్టారు. మా ఆఫీసువాళ్ళను పిలిచారు. సంఘం అధ్యక్షురాలిగా ఎస్తేరమ్మనూ పిలిచారు. లలితకుమారిని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు.

ఆయన రిబ్బను కత్తిరించి, మైకు ముందు నిలబడి, శ్రామిక స్త్రీ గౌరవం గురించి చదవడం మొదలుపెట్టారు. కూర్చునే హక్కు తన చిన్ననాటి కల అన్నారు. షాపు ఆడవాళ్ళు యాభై తొమ్మిదిమంది గోడ వెంట వరసగా నిలబడి ఉన్నారు. ప్రసంగం అయ్యేదాకా స్టూళ్ళు ముట్టుకోవద్దని సూపర్‌వైజరు పొద్దుటే చెప్పాడట.

రెండో పేజీ తిప్పుతుండగా ఎస్తేరమ్మ నడిచివెళ్ళి ఒక స్టూలు మీద కూర్చుని, సగం చోటు వదిలి, పక్కనున్న అమ్మాయిని చెయ్యి పట్టి కూర్చోబెట్టుకుంది. సూపర్‌వైజరు యజమాని వైపు చూశాడు. యజమాని టీవీవాళ్ళ కెమెరాల వైపు చూశారు. ఆ తర్వాత వరస కదిలింది. ఒక్కో స్టూలు మీద ఇద్దరేసి, వీపుకు వీపు ఆనించి, ముప్పై స్టూళ్ళూ నిండాయి.

ప్రసంగం ఇంకా నాలుగు పేజీలుంది. ఆయన నిలబడే చదివారు. వాళ్ళు కూర్చుని విన్నారు. ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు.